ఎనలిస్టుల ఈపీఎస్ అంచనాలు సరిచూడటానికి ‘ఆర్’: కొన్నేళ్లు వాడాక నా మాట

కంపెనీ ఈపీఎస్ (ఒక్కో షేరుకు వచ్చే లాభం) మీద ఏ ఎనలిస్టు అంచనా అసలు ఫలితాలకు దగ్గరగా వస్తోందో తేల్చడం బెంగళూరులో నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఈ పనికి మొదట ఎక్సెల్, కొన్నాళ్లు స్టేటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ వాడాను. ఆ తర్వాత నుంచి ఇప్పటిదాకా ఆర్, గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష. ఎవరడిగినా ఆర్‌నే తీసుకోమంటాను. ఉచితమన్నది రెండో కారణం. అంచనాల తేదీలను అది సంభాళించే తీరు మొదటిది.

ఫలితాలకు వారం ముందు ఇచ్చిన అంచనా, మూడు నెలల కిందటి అంచనా కంటే దగ్గరగా రావడం మామూలే. ఈలోగా యాజమాన్యం మాట్లాడి ఉంటుంది, అదే రంగంలోని వేరే కంపెనీల లెక్కలు బయటికొచ్చి ఉంటాయి. మా ఆఫీసులో చేరిన అనంతపురం కుర్రాడు జాబితా చూసి, “అన్నా, ఈయప్ప లెక్క ప్రతిసారీ ఇంత కరెక్టుగా ఎట్లొస్తాంది?” అన్నాడు. తేదీల కాలమ్ చూపించాను. ఆ ఎనలిస్టు అందరికంటే ఆఖరున అంచనా మారుస్తాడు, అంతే.

అందుకే అందరినీ ఒకే రోజు దగ్గర నిలబెట్టి పోల్చాలి. ఆర్‌కు అదనంగా చేర్చుకునే డేటా.టేబుల్ ప్యాకేజీలో ‘రోల్’ అనే ఆప్షన్ సరిగ్గా దీనికే పనికొస్తుంది. ఫలితాలకు 30 రోజుల ముందు తేదీ ఇస్తే, ఆ రోజుకు ఒక్కో ఎనలిస్టు ఇచ్చి ఉన్న చివరి అంచనాను తెస్తుంది. రోల్‌కి 90 అని పెడితే ఆ తేదీకి 90 రోజులకంటే పాతబడ్డవాటిని వదిలేస్తుంది. ఒక్క లైను కోడ్. ఎక్సెల్‌లో ఇదే పనికి కాలమ్ మీద కాలమ్ చేర్చుకుంటూ పోవాలి, ఫార్ములా ఎక్కడ తెగిందో పట్టుకోవడం కష్టం.

తప్పును శాతంలో కొలవొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అసలు ఈపీఎస్ 50 రూపాయలైతే, 51 అన్నవాడి తప్పు 2 శాతం. అసలుది 50 పైసలైతే, రూపాయిన్నర అన్నవాడి తప్పు 200 శాతం. ఇద్దరూ తప్పింది రూపాయే. నేను షేరు ధరతో భాగిస్తాను. లేదా 1999లో మైకేల్ క్లెమెంట్ అనే పరిశోధకుడు వాడిన కొలత తీసుకుంటాను: అదే కంపెనీకి అదే కాలానికి అందరి సగటు తప్పు ఎంతో చూసి, దాంతో పోలిస్తే ఇతను ఎంత మెరుగో లెక్కగట్టడం.

తేడా నిజమైనదా, కాకతాళీయమా అన్న ప్రశ్నకు ఫోర్‌కాస్ట్ ప్యాకేజీలో డీబోల్డ్-మరియానో పరీక్ష ఉంది. ఒకే కంపెనీ మీద ఇద్దరిని పోల్చేటప్పుడు సరే. చాలా కంపెనీలను కలిపితే మాత్రం ఫిక్సెస్ట్ అనే రిగ్రెషన్ ప్యాకేజీ వాడి, క్వార్టర్‌వారీగా క్లస్టర్ చేస్తాను, అంటే ఒకే క్వార్టర్‌లోని తప్పులను ఒకదానికొకటి ముడిపడ్డవిగా చూస్తాను. 2019 సెప్టెంబరు 20న కార్పొరేట్ పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించే అవకాశం ప్రకటించినప్పుడు, అంతకుముందు రాసిన అంచనాలన్నీ ఒక్కసారిగా పాతబడ్డాయి. అలాంటి క్వార్టర్‌లో తప్పులన్నీ ఒకే వైపు వంగుతాయి. వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కేస్తే ఫలితం ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. ఇలా జాగ్రత్తగా చేస్తే మొదటి స్థానానికీ ఐదో స్థానానికీ మధ్య తేడా చాలాసార్లు నిలబడదు. ర్యాంకుల పట్టికలంటే నాకు నమ్మకం తగ్గింది అందుకే.

ఆర్‌తో చిక్కులూ ఉన్నాయి. షేరు ముఖవిలువ విడగొడితే దాన్ని గుర్తించే ఐసిన్ నంబరు మారుతుంది. అప్పుడు రెండు పట్టికలను కలిపే ‘మెర్జ్’ కమాండ్ జత కుదరని వరుసలను చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. ప్రతి జోడింపు తర్వాత యాంటీ జాయిన్ వేసి ఏవి మిగిలిపోయాయో చూసుకోవాల్సిందే. బోనస్ సవరణ కూడా దానంతట అది చేయదు. 2018 సెప్టెంబరులో ఇన్ఫోసిస్ 1:1 బోనస్ (ఉన్న ఒక్కో షేరుకు ఇంకో షేరు) ఇచ్చింది. అంతకుముందు 70 రూపాయలని రాసిన అంచనా ఉంటే, దాన్ని 35 చేశాకే పోల్చాలి. ఏ కంపెనీ ఎప్పుడు ఎంత బోనస్ ఇచ్చిందన్న పట్టిక మనమే తయారుచేసి ఇవ్వాలి. కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపి), స్టాండలోన్ (ఆ ఒక్క కంపెనీవే) లెక్కలు కలిసిపోయినా అది హెచ్చరించదు. ఎర్రర్ మెసేజీలు కొత్తవాళ్లను భయపెడతాయి.

ఆ విషయంలో స్టేటా మాన్యువళ్లు ఎంతో మేలు, ఒక్కో కమాండ్‌ను ఓపిగ్గా విడమరిచి చెబుతాయి. లైసెన్సు ఖర్చు సంస్థ భరిస్తే, చేసేది రిగ్రెషన్లు మాత్రమే అయితే అది చాలు. రోజూ అంచనాల ఫైళ్లు వచ్చిపడే చోట ఆర్ తీసుకోండి, రెన్‌వ్ అనే ప్యాకేజీతో మిగతా ప్యాకేజీల వెర్షన్లను మొదటి రోజే కట్టేసి పెట్టుకోండి. ఆర్ డేటానంతా మెమరీలోకే ఎక్కించుకుంటుంది కాబట్టి, 8 జీబీ ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫైళ్లు తెరిచే ముందు అక్కర్లేని కాలమ్‌లు తీసేయండి.