బెంగళూరు ఎస్పీ రోడ్డు షాపుల్లో పేరులేని ఆంప్లిఫైయర్లు: కారులో హామ్ రేడియో ఉన్నవాళ్లు జాగ్రత్త

బెంగళూరులో కారులో హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాగా ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో) పెట్టుకున్న మనవాళ్లందరికీ చెబుతున్నాను. ‘వీహెచ్‌ఎఫ్ 100 వాట్స్’ (వీహెచ్‌ఎఫ్ అంటే మనం వాడే 145 మెగాహెర్ట్జ్ ఉన్న బ్యాండ్) అని స్టిక్కర్ అంటించి, కంపెనీ పేరు లేకుండా అమ్ముతున్న ఆంప్లిఫైయర్ల (రేడియో పంపే సిగ్నల్ పవర్ పెంచే పెట్టెల) జోలికి వెళ్లకండి.

ఒకటి కొనేటప్పుడు నా రేడియో 50 వాట్లదని షాపులో ముందే చెప్పాను. "ఏం కాదు సార్, ధైర్యంగా పెట్టుకోండి" అన్నాడు. తీరా చూస్తే అది 5 వాట్ల హ్యాండ్‌సెట్‌కి సరిపోయే పెట్టె, నా 50 వాట్లను తట్టుకోలేదు. రేడియోను లో పవర్‌లో పెట్టి మీటర్‌తో కొలిస్తే 40 వాట్లు దాటలేదు. అంటే అది లేకుండా నా రేడియో ఇచ్చేదే ఎక్కువ! ఫుల్ పవర్‌కి మార్చి మైక్ నొక్కగానే కాలిన వాసన, అంతే.

అంతకంటే నాకు భయం వేసిన విషయం ఇంకొకటి. అది కాలకముందు నేను 145 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతుంటే పక్కనే ఫ్రెండ్ సెట్‌లో 435లో నా గొంతు వినపడింది. 145కి మూడు రెట్లు 435, అంటే నా సిగ్నల్ అక్కర్లేని చోటికీ వెళ్తోంది. ఆంప్లిఫైయర్ తీసేస్తే ఏమీ లేదు. మూత విప్పి చూశాం. ఔట్‌పుట్ దగ్గర ఇలాంటి అక్కర్లేని సిగ్నళ్లను ఆపే ఫిల్టర్ కాయిల్స్ ఉండాల్సిన చోట బోర్డు మీద ఖాళీ రంధ్రాలు. ట్రాన్సిస్టర్ మీద నంబర్ గీకేసి ఉంది. ఇలాంటిది వాడితే ఇతరుల ఫ్రీక్వెన్సీల్లో అడ్డం పడతాం, లైసెన్స్‌కే ఎసరు.

పైగా దానికి సిగరెట్ లైటర్ ప్లగ్ ఇచ్చారు. నిజంగా 100 వాట్లు రావాలంటే బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత సన్న వైరు వేడెక్కి కారులో మంటలు లేస్తే ఎవరిది బాధ్యత? బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి.

అసలు 50 వాట్లను 100 చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, ఎస్-మీటర్‌లో (వచ్చే సిగ్నల్ బలం చూపే మీటర్) అర యూనిట్, అంటే వినేవాళ్లకు పెద్దగా తేడా తెలియదు. ఆ డబ్బు కారు రూఫ్ మధ్యలో మంచి యాంటెన్నాకి పెడితే మాట్లాడటమే కాదు, వినడం కూడా బాగుంటుంది. 27 మెగాహెర్ట్జ్ సీబీ (సిటిజన్ బ్యాండ్) సెట్లు వాడే జీపు బ్యాచ్‌లకైతే ఆంప్లిఫైయర్ ఊసే వద్దు. అక్కడ లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి హద్దు 5 వాట్లే.

"వైరు కలిపాక వెనక్కి తీసుకోం" అని షాపువాడు చేతులెత్తేశాడు. బిల్లులో ‘ఆంప్లిఫైయర్ 1’ అని తప్ప ఏమీ లేదు. ఎవరైనా కొనే తీరాలనుకుంటే ఎన్ని వాట్లు ఇన్‌పుట్, ఎన్ని వాట్లు ఔట్‌పుట్, లో-పాస్ ఫిల్టర్ (పైన చెప్పిన, అక్కర్లేని సిగ్నళ్లను ఆపే ఫిల్టర్) ఉందా లేదా బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే డబ్బు కట్టకుండా వచ్చేయండి.