బాల్టిమోర్‌లో రెండు రోజులు: కోట ముందా, జెండా ముందా?

"వీళ్ళకి స్వాతంత్ర్యం ఎప్పుడో వచ్చేసింది కదరా, మళ్ళీ 1812లో బ్రిటిష్ వాళ్ళతో ఈ యుద్ధమేంటి?" కారు బాల్టిమోర్ చేరకముందే నాన్న అడిగారు. అమ్మానాన్నలు గుంటూరు నుంచి మా వర్జీనియా ఇంటికొచ్చి నెలైంది. నయాగరా, న్యూయార్క్ అయిపోయాయి. నాన్నకి చరిత్ర పిచ్చి కాబట్టి ఈసారి ఇటు తిప్పాను.

దారిలోనే చెప్పాను. జెండా మారినా సముద్రం బ్రిటిష్ వాళ్ళదే. అమెరికా ఓడల్ని నడిసముద్రంలో ఆపి, "వీడు మావాడే" అంటూ నావికుల్ని లాక్కెళ్ళి తమ యుద్ధనౌకల్లో పని చేయించేవాళ్ళు. ఫ్రాన్స్‌తో వ్యాపారానికి అడ్డుపడేవాళ్ళు. ఇటు అమెరికాలోనూ కొందరికి కెనడా మీద కన్ను. 1812 జూన్‌లో యుద్ధం మొదలైంది. 1814 ఆగస్టు 24న బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్‌లోకి వచ్చి వైట్‌హౌస్‌ని తగలబెట్టింది. మూడు వారాలు తిరక్కుండానే బాల్టిమోర్ మీద పడింది.

హోటల్ ఇన్నర్ హార్బర్ దగ్గర తీసుకున్నాం. గది బాగుంది, కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయి. కానీ బుక్ చేసేటప్పుడు కనపడని పార్కింగ్ చార్జీ రాత్రికి 45 డాలర్లు బిల్లులో వచ్చి కూర్చుంది. ముందే ఫోన్ చేసి అడగండి. ఊళ్ళో తిరగడానికి మాత్రం కారు అక్కర్లేదు. సర్క్యులేటర్ బస్సులు ఉచితం, బ్యానర్ రూట్ బస్సు నేరుగా ఫోర్ట్ మెక్‌హెన్రీకి వెళ్తుంది.

ఒక్కచోటే చూసే టైముంటే ఈ కోటే చూడండి. చుట్టూ ఉన్న పచ్చిక, నీటి ఒడ్డున నడక దారి ఉచితం, కోట లోపలికి టికెట్. ముందు విజిటర్ సెంటర్‌లో చిన్న సినిమా వేస్తారు. చివర్లో తెర తొలగి, అద్దాల్లోంచి ఎదురుగా కోట మీద ఎగిరే జెండా కనిపిస్తుంది. ట్రిక్కే అని తెలుసు, అయినా ఒళ్ళు జలదరించింది.

సెప్టెంబరు 13 ఉదయం నుంచి దాదాపు 25 గంటలు బ్రిటిష్ ఓడలు ఈ కోట మీద బాంబులు కురిపించాయి. కోట ఫిరంగులకి అందనంత దూరంలో నిలబడి కొట్టాయి. ఒక బాంబు మందుగుండు గది మీద పడి కూడా పేలలేదట. నాన్న ఆగిపోయింది మాత్రం రాకెట్ల దగ్గర. ఆ రాత్రి వాడిన కాంగ్రీవ్ రాకెట్ల మూలం మన మైసూరు రాకెట్లే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లండుకి తీసుకెళ్ళినవాటిని చూసి తయారుచేశారు. అయినా కోట లొంగలేదు. తెల్లారాక కోట మీద ఇంకా ఎగురుతున్న జెండాని చూసి రాసిన పాటే తర్వాత అమెరికా జాతీయగీతమైంది, అందులో వచ్చే రాకెట్ల ఎర్రటి వెలుగు ఇదే! "టిప్పు గురించి ఇక్కడ వినాల్సొచ్చిందా" అన్నారు నాన్న.

సాయంత్రం జెండా దించేటప్పుడు రేంజరు అందర్నీ సాయానికి పిలిచాడు. గాలి అనుకూలిస్తే 30 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవున్న, ఆనాటి జెండాకి నకలు ఎగరేస్తారు. మాకు ఆ అదృష్టం పట్టింది. ఇరవై ముప్పై మందిమి రెండు వరుసల్లో నిలబడి, నేలకి తగలకుండా చేతుల మీద పట్టుకున్నాం. గాలికి గుడ్డ ఉబ్బి లేస్తోంటే అమ్మ రెండు చేతులా అదిమిపట్టి, పక్కనున్న తెల్లావిడకి తెలుగులోనే "అంచు లాగమ్మా" అని చెబుతోంది. పట్టుచీర మడత పెట్టే చెయ్యి కదా, ఆ చివర మడత మాత్రం తీరుగా వచ్చింది.

మర్నాడు ప్రాట్ స్ట్రీట్‌లోని ఫ్లాగ్ హౌస్. అసలు జెండా కుట్టిన మేరీ పికర్స్‌గిల్ ఇల్లు, చిన్నది, గంట చాలు. ఇంట్లో చోటు చాలక దగ్గర్లోని బీరు తయారుచేసే చోట నేల మీద పరిచి కుట్టారట. ఆమెకి ముట్టింది 405 డాలర్ల 90 సెంట్లు. గ్రేస్ విషర్ అనే నల్లజాతి అమ్మాయి కూడా, గడువు తీరేదాకా వదిలి వెళ్ళే వీల్లేని ఒప్పందం కింద అక్కడ పనిచేసింది. ఆమె పేరు వినడానికి వెళ్ళినా దండగ కాదు.

వాషింగ్టన్‌లో, ఈ యుద్ధాన్ని ముగించిన ఒప్పందం మీద అప్పటి అధ్యక్షుడు మాడిసన్ సంతకం పెట్టిన ఆక్టగన్ హౌస్ ఉంది. వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్ళండి. టైము లేకపోతే వదిలేసినా పర్లేదు.

అసలు జెండా వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. ఐదేళ్ళ క్రితం ఫ్రెండ్స్‌తో వచ్చి చూశాను. చీకటి గదిలో పాత గుడ్డ, రెండు నిమిషాల్లో బయటపడ్డాం. అందుకే చెబుతున్నా, కోట చూశాకే ఇక్కడికి రండి. కోట సేనాని ఆర్మిస్టెడ్ కుటుంబం అడిగినవాళ్ళకల్లా ముక్కలు కత్తిరించి ప్రసాదంలా పంచిపెట్టింది. ఎనిమిది అడుగుల పొడవు అలాగే పోయింది. ఈసారి నాన్న జెండా మీది చుక్కలు లెక్కపెట్టారు. ఆనాటి జెండాకి పదిహేనుండాలి, పద్నాలుగే ఉన్నాయి. ఒకటి ఎవరికిచ్చారో ఇప్పటికీ తెలియదు. ఫొటోలు తీయనివ్వరు. అమ్మ ఫోను బ్యాగులో పెట్టేసి, కుట్లు కనబడతాయేమోనని అద్దం దగ్గర పావుగంట వంగి చూస్తూనే ఉంది. టికెట్ లేదు.