కార్బొరేటర్ బండిలో ఈ20 పెట్రోల్: చాన్నాళ్లు వాడాక నా అనుభవం

ముందే చెప్పేస్తా, ఈ20 (అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పోయించినందుకు నా ఇంజను పాడవలేదు. పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు, పిస్టన్ జోలికి పోవాల్సిన పని పడలేదు. నాతో ఖర్చు పెట్టించినవి రబ్బరు సామాను, వానాకాలం. పైగా మైలేజీ కొంత పడింది. నాది బీఎస్4 కాలుష్య నిబంధనల నాటి 125 సిసి బండి. హనుమకొండ నుంచి పరకాలకు ఉద్యోగం కోసం రోజూ తిరుగుతుంది. ఇలాంటి పాత బండ్లు నడిపేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకునేలా చేశారు కాబట్టి వాళ్లకు ఈ బాధ పెద్దగా ఉండదు.

లీటరుకు 55 ఇచ్చే బండి ఇప్పుడు 52 దాటడం లేదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ, అందులో దాచాల్సింది ఏమీ లేదు. ఈ10కి (10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి) సర్దిన పాత టూవీలర్లలో మైలేజీ 3–4 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలోనే ఉంది. నా బండి అంతకన్నా కాస్త ఎక్కువే పోగొట్టుకుంది.

స్టార్టింగ్ సంగతి వేరే. ఒక పాలు పెట్రోల్ కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. ఇంజెక్షన్ బండి ఆ తేడాను సెన్సార్‌తో పసిగట్టి సర్దుకుంటుంది. పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బొరేటర్‌లో మాత్రం పెట్రోల్ వచ్చే జెట్ రంధ్రం ఎంతుంటే అంతే. దాంతో గాలి పాలు ఎక్కువై, చలికాలం పొద్దున చోక్ లాగినా బండి ఒక పట్టాన అందుకునేది కాదు, రేజ్ ఇస్తే ముక్కేది. మెకానిక్ మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేసి, స్క్రూ సర్దాక చాలావరకు దారికొచ్చింది. ఒక మేలు కూడా చెప్పాలి. ఇథనాల్ ఆక్టేన్, అంటే ఇంజనులో టకటక కొట్టుకోకుండా తట్టుకునే గుణం, దాదాపు 108. ఇద్దరం కూర్చుని ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే టకటక చప్పుడు ఇప్పుడు వినిపించడం లేదు.

అసలు చూసుకోవాల్సింది పెట్రోల్ పైపు. ట్యాంకు కాక్ దగ్గర క్లిప్పు తీసి నా పైపును వంచితే, లోపలి అంచున సన్నటి పగుళ్లు వరసగా కనిపించాయి. మెత్తగా వంగాల్సిన రబ్బరు కర్రలా బిగుసుకుపోయింది. కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెకుండే రబ్బరు ఓ-రింగ్ అయితే ఉబ్బి, తిరిగి గాడిలో కూర్చోనంది. ఇవి ఖరీదైనవి కావు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు ముందుగా మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. ఆ మాట బంకులో బోర్డు మీద రాసి పెట్టి ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో! పైపు కారి వేడి సైలెన్సర్ మీద పడిందంటే అది మైలేజీతో పోయే విషయం కాదు.

ఇక వాన. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొంతవరకు కలుపుకుంటుంది, మితి దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి ఒక్కసారిగా అడుక్కి దిగిపోతాయి. ట్యాంకు మూత రబ్బరు ఎండిపోయిన బండిని ముసురులో బయట పెడితే జరిగేది ఇదే. నా బండి ఆగిపోయినప్పుడు ఫ్లోట్ గిన్నె విప్పితే పైన పసుపు పెట్రోల్, కింద గాజులాంటి నీటి ముద్ద, దాని చుట్టూ తెల్లటి పొడి. ట్యాంకు మొత్తం దించి కడగాల్సి వచ్చింది. అప్పటినుంచి వానాకాలంలో ట్యాంకు నిండుగా ఉంచుతున్నా, మూత రబ్బరు మార్చా, బండి వాడని వారాల్లో పెట్రోల్ తీసేస్తున్నా.

మీ పెట్రోల్‌లో ఇథనాల్ ఎంతుందో చూడాలంటే 100 మి.లీ. గీతల గాజు గొట్టం చాలు. 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోల్ పోసి, మూత బిగించి ఊపి, కాసేపు ఆరుబయట నిలబెట్టండి, మంటకు దూరంగా. ఇథనాల్ నీళ్లలోకి దిగి కింది పొర పెరుగుతుంది. ఈ20 అయితే 25 గీత దాటుతుంది.

ఇథనాల్ నుంచి ఇంజన్ని కాపాడుతుందని అమ్మే సీసా మందులు కూడా వాడి చూశా. నాకు ఏ తేడా కనిపించలేదు. ఆ డబ్బు పైపుకు పెట్టండి.

చెరకు, నూకలు, మొక్కజొన్న నుంచి ఇంధనం వస్తే రైతుకు గిట్టుబాటు అవుతుందని నేనూ గట్టిగా నమ్ముతా. అందుకే ఈ20ని తిట్టను. కానీ 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కిన వాళ్లూ రైతులే. ఫ్యాక్టరీ ఎక్కడ పెడతారు, నీళ్లు ఎవరివి అన్నది ముందే తేల్చాలి. ధర మాటా అంతే. ఇథనాల్ కొనుగోలు ధర సగటున లీటరుకు 71.32 రూపాయలని, శుద్ధి చేసిన పెట్రోల్ కన్నా అదే ఎక్కువని ప్రభుత్వం 2025లో చెప్పింది. సరే, మరి తక్కువ శక్తి ఉన్న లీటరుకు నేను పూర్తి రేటు కడుతున్నప్పుడు పన్నులోనైనా తగ్గింపు ఇవ్వాలి. లేదంటే పాత బండ్లు అరిగి మూలపడే దాకా బంకులో ఒక గన్ను ఈ10కి ఉంచాలి.