ప్రైవేటా, నో-స్టోరా: నెట్ సెంటర్లో తెరిచే పేజీకి ఏది మేలు?

తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో ఒకే కంప్యూటర్ ముందు పొద్దున్నుంచి రాత్రి దాకా ఎంతోమంది కూర్చుంటారు. ఒకరిది రూము బుకింగ్, ఇంకొకరిది దర్శనం టికెట్ ప్రింటు, మరొకరిది యూనివర్సిటీ హాల్ టికెట్. ఆధార్ నంబరో, ఫోన్ నంబరో చాలామంది కొట్టాల్సిందే. ఈ ఊళ్లో లాడ్జికో ల్యాబుకో కాలేజీకో వెబ్‌సైట్ చేసేవాళ్లు క్యాష్-కంట్రోల్ హెడర్‌లో (పేజీ కాపీని దాచొచ్చా లేదా అని సర్వర్ పేజీతో పాటు పంపే సూచనలో) ఏం రాయాలో ఆ కంప్యూటర్‌ని దృష్టిలో పెట్టుకునే తేల్చుకోవాలి.

క్యాష్ అంటే, ఒకసారి వచ్చిన పేజీని మళ్లీ సర్వర్‌ని అడక్కుండా చూపించడానికి దాచిన కాపీ. అది బ్రౌజర్‌లో ఉండొచ్చు, దారి మధ్యలో సిడిఎన్ (సైట్ కాపీలను చూసేవాళ్లకు దగ్గరగా ఉంచి పంచే సర్వర్ల వ్యవస్థ) దగ్గరా ఉండొచ్చు. మన ముందున్న దారులు మూడు: హెడర్ ఏమీ ఇవ్వకపోవడం, 'ప్రైవేట్, నో-క్యాష్' అనడం, 'నో-స్టోర్' అనడం.

మొదటిది వద్దే వద్దు. హెడర్ లేకపోతే ఎవరూ దాచరని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పేజీ చివరిసారి ఎప్పుడు మారిందో చూసి, అప్పటినుంచి గడిచిన కాలంలో సుమారు 10 శాతం దాకా కాపీ తాజాగానే ఉందని క్యాష్ తనంతట తాను అనుకోవచ్చు. రిక్వెస్టులో ఆథరైజేషన్ హెడర్ (లాగిన్ ఆధారాన్ని మోసేది) ఉంటే, సర్వర్ ప్రత్యేకంగా ఒప్పుకోనంత వరకు ఉమ్మడి క్యాష్‌లు, అంటే సిడిఎన్ లాంటి అందరికీ కలిపి ఉండేవి, ఆ జవాబును దాచకూడదు. కుకీతో, అంటే సైట్ బ్రౌజర్‌లో పెట్టే చిన్న గుర్తుతో, నడిచే లాగిన్‌కి ఆ రక్షణ లేదు. మన చిన్న సైట్లలో ఎక్కువ భాగం కుకీలతోనే నడుస్తాయి కదా!

'ప్రైవేట్' అంటే సిడిఎన్ లాంటి ఉమ్మడి క్యాష్ ఆ పేజీని దాచకూడదు, బ్రౌజర్ దాచుకోవచ్చు. ఇది చిన్న రక్షణేం కాదు. 2015 డిసెంబర్ 25న స్టీమ్ గేమ్ స్టోర్‌లో క్యాష్ సెట్టింగ్ తప్పడంతో ఒకరి ఖాతా పేజీలు ఇంకొకరికి కనిపించాయి. దాదాపు 34,000 మంది వివరాలు అలా బయటపడి ఉండొచ్చని నడిపే సంస్థే చెప్పింది. ఉమ్మడి క్యాష్‌లో పొరపాటు జరిగితే దెబ్బ ఒక్కరితో ఆగదు.

అయితే 'ప్రైవేట్' అన్నప్పుడు బ్రౌజర్ ఒక్క మనిషిదే అని నమ్ముతున్నాం. నెట్ సెంటర్లో ఆ నమ్మకం చెల్లదు. 'నో-క్యాష్' చేర్చినా చాలదు. కాపీని దాచుకో, మళ్లీ వాడే ముందు సర్వర్‌ని అడుగు అని మాత్రమే అది చెబుతుంది. పైగా బ్యాక్ బటన్ నొక్కినప్పుడు బ్రౌజర్ ఆ పాటి కూడా అడగక్కర్లేదు, ఇందాకటి పేజీని ఉన్నదున్నట్టు చూపించొచ్చు. భక్తుడు లాగవుట్ చేసి లేచిపోయాడు, ట్యాబ్ మూయలేదు. తర్వాత కూర్చున్న మనిషి బ్యాక్ నొక్కితే కుటుంబంలో అందరి పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు తెర మీదకు వస్తాయి.

'నో-స్టోర్' ఇస్తే ఆ కాపీ ఎక్కడా దాచకూడదు. దీనికీ ఖర్చుంది. బ్యాక్ నొక్కినప్పుడు చాలాసార్లు పేజీ మళ్లీ సర్వర్ నుంచి రావాలి, సిగ్నల్ సరిగా లేని చోట అది విసుగే. ఆరుగురి వివరాలు నింపిన ఫారం వెనక్కి వెళ్తే ఖాళీ కావచ్చు, మళ్లీ కొట్టాలంటే పెద్దవాళ్లకు టెన్షన్. దానికి మందు, నింపినంత వరకు లాగిన్ కింద సర్వర్‌లోనే సేవ్ చేయడం. అందుకోసం హెడర్‌ని సడలించడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

కాబట్టి మనిషి వివరాలున్న ప్రతి పేజీకీ, ఆ వివరాలు పంపే ప్రతి ఏపీఐ (పేజీ వెనక నుంచి సర్వర్‌ని డేటా అడిగే దారి) జవాబుకీ నో-స్టోరే మేలు. పేరు తప్ప ఇంకేం కనిపించని హోమ్ పేజీకి 'ప్రైవేట్, నో-క్యాష్' సరిపోతుంది. రూముల ఫోటోలు, స్టైల్ ఫైళ్లు పబ్లిక్‌గా ఏడాది పాటు దాచినా ఏ నష్టమూ లేదు. సైట్ మొత్తానికి నో-స్టోర్ పెట్టేస్తే స్లో అయిందని యజమాని గొడవ చేస్తాడు, చివరికి అన్నిచోట్లా తీసేయిస్తాడు.

ఇక్కడే అసలు గుంట ఉంది. ఫోటోలన్నీ ఏడాది దాచమని సర్వర్‌లో ఒక్క రూల్ రాస్తాం: ఫైల్ పేరు చివర .జెపిజి ఉంటే చాలు. భక్తులు అప్‌లోడ్ చేసిన ఆధార్ స్కాన్ కూడా .జెపిజినే! కొన్ని సిడిఎన్‌లు కూడా ఫైల్ పేరు చివర చూసే దాస్తాయి. అప్‌లోడ్‌ల ఫోల్డర్‌ని వేరు చేసి, లాగిన్ చెక్ పెట్టి, దానికి విడిగా నో-స్టోర్ ఇవ్వాలి.

ఇవాళ నో-స్టోర్ పెట్టినంత మాత్రాన నిన్న దాచిన కాపీ చెరిగిపోదు. లాగవుట్ జవాబులో క్లియర్-సైట్-డేటా హెడర్‌ని 'క్యాష్' అనే విలువతో పంపితే, దాన్ని పాటించే బ్రౌజర్లు ఆ సైట్ క్యాష్‌ని తుడిచేస్తాయి. అక్కడే సెషన్ (లాగిన్ అయి ఉన్నారన్న లెక్క) కుకీని కూడా తీసేయాలి, సర్వర్‌లో సెషన్‌ని ముగించాలి. లేకపోతే బ్యాక్ నొక్కగానే సర్వరే కొత్త పేజీ ఇచ్చేస్తుంది.

పరీక్ష తేలికే. లాగిన్ అయి వివరాల పేజీ తెరిచి, లాగవుట్ చేసి, బ్యాక్ నొక్కండి. లాగిన్ పేజీ రావాలి. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, తెరుచుకునే నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ పేజీ హెడర్లు, ఒక ఆధార్ స్కాన్ హెడర్లు రెండూ చూడండి. పీడీఎఫ్ టికెట్ డౌన్‌లోడ్ అయ్యాక మాత్రం ఏ హెడరూ దాన్ని ఆపలేదు, అది ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ప్రింటు తీశాక ఫైల్ తొలగించండి అని టికెట్ పేజీలోనే పెద్దక్షరాల్లో తెలుగులో రాయండి.