వసంతపు మంచులో మొరాయించిన కొక్కెం: స్కీజోరింగ్ సెట్టుపై సమీక్ష

కుక్క ముందు లాగుతుంటే స్కీల మీద సాగిపోయే స్కీజోరింగ్‌కు కావలసిన నడుంపట్టీ, సాగే తాడు, కుక్క జీను కలిసి ఉన్న సెట్టును నేను చాలా కాలంగా వాడుతున్నాను. కొలతలూ రంగులూ అమ్మకపు పేజీలోనే ఉంటాయి గనుక వాటి జోలికి పోను. నేను రాయదలచింది పట్టీ ముందున్న కొక్కెం గురించి. దాని మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

హైదరాబాద్‌లో మంచు లేదు కాబట్టి ఇక్కడ ఈ సెట్టుతో పరుగే తీస్తాం. చలికాలంలో తెల్లవారకముందే గండిపేట వైపు మట్టిదారుల్లో మా నాటు కుక్క చుక్కి లాగుతుంటే నేను వెనక పరిగెడతాను. కుక్క ఒంటి వేడిని ప్రధానంగా రొప్పుతూనే తగ్గించుకుంటుంది కనుక ఎండలు ముదరగానే ఆ పరుగు మానేస్తాం. మార్చిలో రైల్లో ఫస్ట్ ఏసీ కూపే దొరికితే చుక్కినీ వెంటబెట్టుకుని ఢిల్లీ చేరి, అక్కడినుంచి మనాలీ మీదుగా, 2020లో తెరిచిన అటల్ సొరంగం దాటి, లాహౌల్‌లోని సిస్సుకు వెళ్తాం.

తొడల చుట్టూ తిరిగే పట్టీలు నడుంపట్టీని పైకి జరగనివ్వవు, కాబట్టి లాగుడంతా నడుము మీద కాక తుంటి మీద పడుతుంది. డిస్కు నొప్పి ఉన్న నాకు ఇది నిజంగా పెద్ద మేలు. చుక్కి ఉడుతను చూసి ఎంత గభాలున దూకినా సాగే తాడు ఆ కుదుపును తానే మింగేస్తుంది. స్నేహితులకు ఈ తాడును మనస్ఫూర్తిగా సిఫారసు చేశాను. ఆ మాట పొడినేలకు మాత్రమే వర్తిస్తుందని ఇప్పుడు చేర్చుకోవాలి, ఎందుకంటే తడిమంచులో అది నీరు పీల్చుకుని బరువెక్కుతుంది, నీడలోకి వెళ్లగానే గడ్డకట్టి సాగడం మానేస్తుంది.

వసంతపు మంచు రాత్రి గట్టిపడి, పగలు కరిగి, మళ్లీ గట్టిపడుతూ ఉంటుంది. ఉదయం దాని పైపొర గరుకుగా ఉండి పాదాలను గీరుతుంది కాబట్టి చుక్కికి మేజోళ్లు తొడగక తప్పదు. ఎండెక్కేసరికి అదే మంచు మెత్తబడి స్కీలకూ కొక్కేనికీ అంటుకుంటుంది. సిస్సులో ఒక రోజు మేము కాసేపు ఆగినప్పుడు కొక్కెం స్ప్రింగులోకి కరిగిన నీరు దిగింది. అంతలో సూర్యుడు కొండ వెనక్కి పోయి గాలి మొదలవడంతో ఆ నీరు లోపలే గడ్డకట్టింది. మళ్లీ బయలుదేరిన కొద్దిసేపటికే చుక్కికి నక్క కనబడింది, అది చంద్రా నది ఒడ్డు వైపు వాలులో పరుగందుకుంది. ఆపద వేళ ఒక్క లాగుతో తాడును వదిలించడానికే ఉన్న ఆ కొక్కేన్ని ఎంత లాగినా కదలలేదు. పక్కకు ఒరిగి పడిపోయి, నా బరువుతోనే చుక్కిని ఆపగలిగాను.

వెనక వస్తున్న మా మేనల్లుడు "కదలకండి మామయ్యా" అంటూ ఫ్లాస్కులోని వేడి టీ కొక్కెం మీద పోశాడు. సూదిమొన అంత మంచుపలుకు ఒకటి స్ప్రింగు సందులోంచి జారాక గానీ అది తెరుచుకోలేదు. టీలోని చక్కెర తర్వాత జిగురై పట్టుకోవడంతో దాన్ని కడగవలసి వచ్చింది. అమ్మినవారికి రాస్తే నూనె వేయమని జవాబిచ్చారు. మామూలు నూనె చలికి చిక్కబడుతుంది, గండిపేట దారుల్లో దుమ్మును పట్టుకుంటుంది. మంచు క్రీడ కోసమని అమ్మే వస్తువుకు ఇచ్చే జవాబు అది కాదు.

ఇప్పుడు నేను ఆ కొక్కెం తీసేసి, స్ప్రింగు లేకుండా పుల్ల లాగితే తాడు ముడి ఊడిపోయే రకాన్ని అమర్చుకున్నాను. దానికి మంచు అంటినా చేత్తో దులిపితే పోతుంది.

హైదరాబాద్‌లో పరుగు కోసమే అయితే ఈ సెట్టును నిస్సంకోచంగా కొనవచ్చు, ఇక్కడ ఆ కొక్కెం నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. మంచు మీదికైతే నా మాటను నా పరిస్థితులకే పరిమితం చేసి చదవాలి: నాది మధ్యస్థ పరిమాణమున్న ఒకే కుక్క, నా వేగమూ తక్కువే, నా స్కీలకు కుక్క కాళ్లను కోసే ఉక్కు అంచులు లేవు. రెండు బలమైన కుక్కలను కట్టేవారు గానీ, నిటారు వాలులకు వెళ్లేవారు గానీ కొక్కెం మార్చకుండా ఈ పట్టీని నడుముకు కట్టుకోవద్దని నా విన్నపం.