ఐ-80 స్మార్ట్ కారిడార్: శాన్ పాబ్లో అవెన్యూ సిగ్నళ్లకే నా మొదటి ఓటు

ఇల్లు హెర్క్యులస్‌లో, ఉద్యోగం ఎమరీవిల్‌లో కావడం వల్ల, కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లే ఐ-80 ఫ్రీవే మీద, దాని పక్క రోడ్ల మీద ట్రాఫిక్‌ను బోర్డులు, సిగ్నళ్లతో నడిపించే ఐ-80 స్మార్ట్ కారిడార్ అనే ఏర్పాటు 2016 సెప్టెంబరులో మొదలైన నాటి నుంచీ దాని మంచిచెడ్డలు చూస్తూనే ఉన్నాను. రోడ్డుకు అడ్డంగా పైన కనిపించే బోర్డుల గురించి, ఫ్రీవే ఎక్కే ర్యాంపుల దగ్గర కార్లను ఆపి ఆపి వదిలే మీటర్ల గురించి ఈ దారిన తిరిగేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. వాటన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది ఫ్రీవే పక్కనే సాగే శాన్ పాబ్లో అవెన్యూ.

హెర్క్యులస్ నుంచి ఓక్లండ్ దాకా ఆ రోడ్డు రెండు కౌంటీల్లోని ఎన్నో ఊళ్లను దాటుతుంది. ఫ్రీవే మీద ప్రమాదం జరిగితే జనం ఎవరూ చెప్పకుండానే అటు మళ్లుతారు. ఫోన్‌లోని మ్యాపులూ అటే పంపుతాయి. రాష్ట్ర రవాణా శాఖ అయిన కాల్‌ట్రాన్స్, రెండు కౌంటీల రవాణా సంస్థలు, దారిలోని నగరాలు, బస్సు సంస్థలు తమ సమాచారాన్ని అప్పటికప్పుడు పంచుకుని, అలా వచ్చిపడే కార్లను వీలైనంత త్వరగా మళ్లీ ఫ్రీవే ఎక్కించడమే ఈ ఏర్పాటులోని కీలకం.

అది ఎంత బాగా పనిచేయగలదో ఒక శీతాకాలపు వాన ఉదయం కళ్లారా చూశాను. రిచ్‌మండ్ దాటుతుండగా ఎడమవైపు లేన్ల మీద ఆకుపచ్చ బాణాల స్థానంలో ముందు లేన్ మూసి ఉందని హెచ్చరించే పసుపు ఇంటూ గుర్తులు వెలిగాయి. కాసేపటికి ముందున్న బోర్డు మీద అవే ఎర్రబడ్డాయి. ఆల్బనీ దగ్గర లారీ ఒకటి అడ్డం తిరిగిందని రేడియోలో చెప్పారు. సెంట్రల్ అవెన్యూ దగ్గర దిగి శాన్ పాబ్లో మీదికి వచ్చేసరికి అక్కడ అప్పటికే కార్లు బారులు తీరి ఉన్నాయి, అయితే ఆ బారు కదులుతోంది. ఎల్ సెరిటోలో పచ్చలైటు రోజూ కంటే చాలాసేపు నిలిచింది. కౌంటీ సరిహద్దు దాటి ఆల్బనీలో అడుగుపెట్టాక కూడా ఆ వరస తెగలేదు. గిల్మన్ వీధి మలుపులో, మామూలు రోజుల్లో చీకటిగా ఉండే చిన్న బోర్డు మీద ఐ-80 గుర్తూ, కుడివైపు బాణమూ వెలుగుతున్నాయి. అటు తిరిగి, ప్రమాదం జరిగిన చోటును వెనక వదిలేసి ఫ్రీవే ఎక్కాను. వేర్వేరు పాలకవర్గాల కింద ఉన్న ఊళ్లు ఆ పూట ఒకే ఊరిలా నడుచుకున్నాయని నాకెంతో సంతోషం కలిగింది.

ప్రతిసారీ అలాగే జరుగుతుందని మాత్రం చెప్పలేను. ఒకసారి ఇలాగే దారి మళ్లితే, పైపుల కోసం రాత్రి తవ్విన గుంత పూడ్చకపోవడంతో శాన్ పాబ్లో మీదే ఒక లేన్ మూసేసి ఉంది. ఆ సంగతి ఉమ్మడి వ్యవస్థకు చేరనే లేదని తర్వాత తెలిసింది. అందువల్ల సిగ్నళ్లు ఎప్పటిలాగే వరుసగా పచ్చబడుతూ కార్లను నేరుగా ఆ ఇరుకులోకే పంపాయి, నా ముందున్న బస్సులో నిలబడి ఉన్నవాళ్లు దిగి నడక మొదలుపెట్టారు. కెమెరాలకూ సెన్సార్లకూ ఖర్చుకు వెనుకాడనివారు, రోడ్డు తవ్వుతున్నామని పక్కవారికి ఒక్క కబురు పంపడాన్ని కూడా అంతే ముఖ్యంగా చూడాలని గట్టిగా కోరుకుంటున్నాను.

బోర్డుల మీద చూపే వేగం సలహా మాత్రమే కావడంతో దాన్ని పాటించేవారు తక్కువ. ప్రమాదాలేవీ లేని మామూలు ఉదయాల్లో నా ప్రయాణ సమయం పెద్దగా తగ్గిందనీ అనలేను. శాన్‌ఫ్రాన్సిస్కోకు దారితీసే బే బ్రిడ్జి టోల్ ప్లాజా దగ్గర, వంతెన మీదికి కార్లను ఆపి ఆపి వదిలే మీటరింగ్ లైట్లు వెలిగాక, వెనకున్న క్యూ పొడవును ఏ బోర్డూ తగ్గించలేదు.

నేను వంతెనకు ముందే దిగిపోతాను, పైగా కొంచెం ఆలస్యంగా వెళ్లినా అడిగేవారు లేని ఉద్యోగం నాది, కాబట్టి నా మెప్పుకోలును ఆ మేరకే తీసుకోవాలి. రోజూ వేళకు శాన్‌ఫ్రాన్సిస్కో చేరాల్సినవారు అడిగితే మాత్రం, ఎల్ సెరిటో డెల్ నార్టే స్టేషన్‌లో కారు ఆపి బార్ట్ రైలు ఎక్కమనే ఇప్పటికీ చెబుతున్నాను.