ఎర్రముక్కు పురుగుకు ఫెరమోన్ బుట్ట: కొనేముందు తెలియవలసినవి

లేత కొబ్బరి తోట ఉన్న కోనసీమ రైతు కొబ్బరి మానును తొలిచే ఎర్రముక్కు పురుగును వాసనతో పిలిచి పట్టే ఫెరమోన్ బుట్ట కొనవచ్చునా అంటే, వారానికొకసారి దానిలోని ఎర నీళ్ళు మార్చగలిగితే తప్పక కొనవచ్చునని, మార్చలేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోవడమే మేలని చెబుతాను.

చూడటానికి అది మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్. అంచుకు కాస్త దిగువన కంతలుంటాయి, మూత లోపల ల్యూర్ పొట్లం, అంటే వాసన విడిచే మందు పొట్లం, వేలాడుతుంది. అందులోని ముఖ్య పదార్థం 1993లో శాస్త్రజ్ఞులు గుర్తించిన ఫెర్రుజినియోల్. మగపురుగు విడిచే ఈ వాసనకు ఆడవీ మగవీ రెండూ వస్తాయి. వాటిలో ఆడపురుగులే ఎక్కువగా పడటం ఈ బుట్ట చేసే అసలు మేలు, ఎందుకంటే ఒక్కొక్కటి వందల గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు మానులోకి దూరాక జిగురు కారి, పీచు పొట్టు రాలేదాకా మనకు సంగతే తెలియదు. అయితే ల్యూర్ ఒక్కటే చాలదు. అడుగున చెరకు మడ్డి గాని, కల్లు గాని, పులిసిన అనాస ముక్కలు గాని నీళ్ళలో కలిపి ఉంచితేనే పురుగు కంతలోంచి లోపలికి దిగుతుంది.

నేను కొన్న బుట్టతో ఇచ్చిన కాగితంలో ఈ సంగతి లేదు, ఆ కాగితం తెలుగులోనూ లేదు. బుట్ట బయటి వైపు నున్నగా ఉండటం మరో లోపం. ఈ పురుగు బుట్ట మీద వాలి, పాకుతూ కంత వెతుక్కుంటుంది, నున్నటి ప్లాస్టిక్‌పై దాని కాళ్ళు జారతాయి. చుట్టూ గోనెపట్టా చుట్టి పురికొసతో బిగిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది గాని, రైతు చేసుకోవలసిన పని కాదది, తయారుచేసేవారే గరుకుగా చేసి ఇవ్వాలి.

అమెరికాలోని పైన్ అడవులలో బెరడు పురుగుల నుంచి చెట్లను కాపాడటానికి వెర్బినోన్ అనే పదార్థాన్ని మానులకు తగిలిస్తారు. ఈ చెట్టు ఇప్పటికే నిండిపోయిందని ఆ వాసన చెబుతుంది, వచ్చే పురుగు మళ్ళిపోతుంది. మన బుట్ట పని దానికి పూర్తిగా విరుద్ధం: ఇది పురుగును పిలుస్తుంది. పిలిచిన పురుగు బుట్టలో పడకపోతే పక్కనున్న మొక్క మొవ్వుకే పోతుంది. అందుకే ఎండిపోయిన బుట్టను తోటలో వదిలేయడం, అసలు బుట్ట లేకపోవడం కంటే ప్రమాదకరం. హెక్టారుకు ఒకటి చొప్పున, లేత చెట్లకు దూరంగా, తోట హద్దు గట్టున కర్ర పాతి, సుమారు మీటరు ఎత్తులో నీడపట్టున కట్టాలి. కొబ్బరి చెట్టుకే కట్టకూడదు. ఎండ తగిలితే ల్యూర్ త్వరగా ఆవిరైపోతుంది గనుక అదనంగా కొన్న పొట్లాలను ఫ్రిజ్‌లో దాచుకోవడం మంచిది.

కొబ్బరికి పట్టే మరో పురుగు, కొమ్ము పురుగు, ఈ ల్యూర్‌కు రాదు, దానికి వేరే ల్యూర్ కొనాలి. కొమ్ము పురుగు చేసిన గాయాల గుండా కూడా ఎర్రముక్కు పురుగు లోపలికి చేరుతుంది, ఆ కొమ్ము పురుగు పెరిగేది పెంటకుప్పలో గనుక, తోట పక్కన పెంటకుప్ప ఉన్నవారు ముందు ఆ కుప్ప సంగతి చూడాలి. ఇప్పటికే పురుగు తొలిచిన చెట్టుకు ఈ బుట్ట ఏమీ చేయలేదు. దానికి మందు విడిగా చేయించాలి, అంబాజీపేట పరిశోధన స్థానంలో అడిగితే విధానం చెబుతారు.